మస్తాన్ మామ తీసేసిన మాట

బరువులెత్తే చైన్ బ్లాకు గొలుసు లాగుతుంటే ఒక చప్పుడు వస్తుంది. లోపలి చక్రం పన్ను పన్నూ దాటుతూ కటకటమంటుంది. ఈ రోజు పొద్దున బుక్కరాయసముద్రం చెరువు గట్టు మీద ఆ చప్పుడు మొదలైంది. పక్కనే డబ్బాలో పగుళ్ళ మీద పూయడానికి కలిపి పెట్టిన రెసిన్ వాసన ఘాటుగా ముక్కుకు తగులుతోంది. ట్రాలీ మీదున్న ఫైబర్ పడవ చుట్టూ బెల్టులు బిగుసుకున్నాయి, ఇంకాస్త లాగితే లేస్తుంది. అంతలో పడవ ఊగకుండా పక్క తాడు పట్టుకున్న కొత్త మనిషి, "అక్కా, తాడు ఇడువల్లనా?" అని అరిచాడు. నేను చెయ్యి పైకెత్తాను. గొలుసు ఆగింది, మనుషులూ ఆగారు. "ఆ మాట ఈడ అనగూడదప్పా," అన్నాను. "ఏం మాటక్కా?" అన్నాడు. "ఇప్పుడు అంటివే, అది." ఈమెకేమైనా పిచ్చా అన్నట్టు అతను పక్కవాళ్ళ వంక చూశాడు. పక్కవాళ్ళు నవ్వి ఊరుకున్నారు, వాళ్ళకు నా సంగతి అలవాటే. గొలుసు ఆగినప్పుడు గట్టు మీద కాసేపు ఏమీ వినబడదు. ఆ కాసేపట్లోనే నాకు ప్రతిసారీ మస్తాన్ మామ గుర్తుకొస్తాడు.

ఆయన్ని మీరు చూసి ఉండరు. చూసినా గుర్తు పెట్టుకునే మనిషి కాదు. పొట్టిగా, నల్లగా, గళ్ళ లుంగీ మోకాళ్ళ పైకి కట్టి, చెవి మీద సగం కాల్చిన బీడీ పెట్టుకుని తిరిగేవాడు. మాట కటువు. ఎండను తిట్టేవాడు, గాలిని తిట్టేవాడు, టీ చల్లగా ఉంటే టీ తెచ్చిన వాడినీ తిట్టేవాడు. మాకూ ఆయనకూ చుట్టరికం లేదు. వాళ్ళు సాయిబులు, మేము ఆదివారం చర్చికి పోయేవాళ్ళం. అయితే మా వైపు వరస కలుపుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి మొదటి రోజే నాకు మామ అయ్యాడు, నేను ఆయనకు పాపనయ్యాను. ఆయన పని బోర్లలో మోటార్లు ఎత్తడం. బోరు మీద మూడు కాళ్ళ ఇనుప స్టాండు నిలబెట్టి, దానికి చైన్ బ్లాకు తగిలించి, వందల అడుగుల పైపునూ దాని చివరున్న మోటారునూ పైకి లాగుతారు. నీళ్ళు ఇంకా లోతుకు పోతే మళ్ళీ దించుతారు. మా జిల్లాలో ఈ పనికి ఎన్నడూ కరువు రాదు. "నీళ్ళు లేకుంటే నాకు అన్నం, నీళ్ళొస్తే మీకు అన్నం. దేవుడు ఎవురి మాట వినల్ల చెప్పు," అని నవ్వేవాడు.

నా ఉద్యోగం అంతకంటే విచిత్రమైనది. చెరువు నిండిన ఏడాది ఒకాయన బోటింగు గుత్తకు తీసుకుని పడవ తెచ్చాడు, టికెట్లు చింపడానికి నన్ను పెట్టాడు. మరుసటి ఏడాదికి చెరువు ఎండిపోయింది. పడవను ట్రాలీ మీదికెక్కించి, టార్పాలిన్ కప్పి గట్టున నిలబెట్టారు. పడవకు కాపలాగా నేను మిగిలాను. ఏళ్ళ తరబడి ఆ పడవ కింది నీడలో మేకలు పడుకున్నాయి. ముదిగుబ్బ వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చే వాళ్ళు దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేసుకున్నారు. "ఏం అమ్ముతాండావే, గాలికి టికెట్లా?" అని మా అమ్మ ఎగతాళి చేసేది. చివరికి ఒక ఏడాది వానలు పడ్డాయి, కాలువ నీళ్ళూ వచ్చాయి, చెరువు నిండింది. మా యజమాని పరుగున వచ్చి టార్పాలిన్ తీసి, కిందికి వంగి చూసి నెత్తి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ పడవ బరువంతా ట్రాలీ రోలర్ల మీదే ఉండటంతో, అవి తగిలిన చోటల్లా అడుగు లోపలికి నొక్కుకుపోయి వెంట్రుకల్లాంటి పగుళ్ళు వచ్చాయి. అలాగే నీళ్ళలోకి దించితే జనంతో సహా మునుగుతుంది. బాగు చేయాలంటే సరిగ్గా రోలర్లు ఉన్న చోటే చేయాలి, అంటే ట్రాలీ మీద నుంచి పడవను లేపి పక్కన పెట్టాలి. క్రేన్ ఆ ఇరుకు గట్టు మీదికి రాదు. పడవలు ఎత్తేవాళ్ళు మా జిల్లాలో ఎక్కడుంటారు? చివరికి ఎవరో మోటార్లు ఎత్తే మస్తాన్ పేరు చెప్పారు.

స్టాండ్లు వేసుకుని లగేజీ ఆటోలో దిగాడు. పడవ చుట్టూ నిదానంగా ఒక చుట్టు తిరిగి, "ఇదేం బోరు పాపా, పండుకోనుండాది?" అన్నాడు. తరువాత నవ్వు ఆపేసి, అరచేత్తో అడుగును తడుముతూ ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నడిచాడు. అప్పుడు చూశాను, ఆయన కుడిచేతికి చిటికెన వేలూ ఉంగరం వేలూ లేవు. వెంట కూలీలతో పాటు రంగప్ప వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి, పావగడ పక్కవాడు. ఇంట్లో కన్నడం, బయట కన్నడం కలిసిన తెలుగు. టీ తాగేటప్పుడు వాళ్ళ ఊరి తిరునాళ్ళ గురించి బాగానే మాట్లాడాడు. కాని స్టాండు దించడం మొదలుపెట్టగానే నోరు మూసుకున్నాడు. ఏం కావాలన్నా చేతి సైగే. నేను రెండుసార్లు ఏదో అడిగితే తలైతే ఊపాడు గానీ పెదవి కదపలేదు. ఏం మనిషి ఈయన అనుకున్నాను.

మామ నా చేతిలోని మైకు చూసి, "లైఫ్ జాకెట్ లేకుండా దిగొద్దండని అరిచింది నువ్వేనా?" అని అడిగాడు. చెరువు నిండిన సంబరంలో జనం నీళ్ళలోకి దిగుతుంటే వాళ్ళను ఆపడానికి రోజంతా అరుస్తూ ఉన్నాను. నేనేనన్నాను. "రోడ్డు మీదికి అక్షరం అక్షరం వినపడింది. పేరేమి?" "సువార్త." ఆయన మొహం విప్పారింది. "పేరులోనే చెప్పేది ఉండాది. అయితే ఎత్తేటప్పుడు నువ్వే నోరు." నాకర్థం కాలేదు. ఎత్తే చోట చేతులు ఎన్నైనా ఉండొచ్చునట, నోరు మాత్రం ఒకటే ఉండాలట. నలుగురు నాలుగు మాటలు అరిస్తే ఎవరి చెయ్యి ఎవరి మాట వింటుందో తెలియదట. "నాకెందుకు మామా, మీ మనుషులే ఉన్నారు గదా?" అన్నాను. "నా గొంతు బీడీలకు పాయె. వాడు మాట్లాడడు. మిగతావోళ్ళకు అరిచేది వస్తాది గానీ చెప్పేది రాదు." అలా నా ప్రమేయం లేకుండానే నాకు కొత్త ఉద్యోగం వచ్చింది.

ఆ సాయంకాలం ఆయన నాకు మాటలు నేర్పించాడు. చదువుకున్న వాళ్ళకు నవ్వు రావచ్చు, పుట్టినప్పటి నుంచీ మాట్లాడే తెలుగే అది. ఎత్తు, దించు, జరుపు. ఈ మూడూ నా నోట్లోంచే రావాలి, ఇంకెవరూ అనకూడదు. నాలుగోది నిలుపు. అది ఎవరైనా అనవచ్చు. "దావన పోయేవోడు అన్న్యా సరే, కాకి అరిచినట్ల వినపడినా సరే, నిలపల్ల. ఎందుకన్న్యావని తర్వాత అడుగుదాము." ఉత్త గొలుసు పట్టుకుని మేమంతా గట్టు మీద నాటకం ఆడినట్టు ఆడాం. మధ్యలో నేను, "మామా, పక్క తాడు ఇడువమనల్లంటే ఏమని చెప్పల్ల?" అని అడిగాను. అంతవరకు నవ్వుతున్న మనిషి ఒక్కసారిగా మండిపడ్డాడు. "ఆ మాట లేదు! నా పనిలో ఆ మాటే లేదు!" బిత్తరపోయాను. రంగప్ప తల వంచుకుని గడ్డపార తీసుకుని దూరంగా నడిచిపోయాడు. మామ గొంతు తగ్గించి, "తాడును కూడా దించుదాము పాపా. చేతిలో ఉన్న్యాదాన్ని మనం వదలము, దించుతాము," అన్నాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం, స్టాండ్ల కాళ్ళకు గుంతలు తవ్వించిన తరువాత, సద్ది తినేటప్పుడు విషయం చెప్పాడు. పడవను ఆనించే దిమ్మెల కోసం రంగప్ప కట్టెల మండీకి పోయి ఉన్నాడు. మామ తన ఇంటావిడ కట్టిచ్చిన సంగటిని రెండు ముక్కలు చేసి, మీద చెనిక్కాయల చట్నీ వేసి ఒకటి నాకిచ్చాడు. ముద్ద తుంచే చేతికి ఉన్నవి మూడే వేళ్ళు. నా చూపు అక్కడే ఉందని ఆయనకు తెలిసిపోయింది. "మడకశిర పక్క తోటలో మోటారు ఎత్తుతాంటిమి. అప్పుడు చైన్ బ్లాకు యాడిది, తాడూ కప్పీనే. పైపు పైకొచ్చె. అది జారకుండా క్లాంపు పెట్టల్ల. నేను క్లాంపు పట్టుకోని కూర్చున్న్యా. పెట్టు పెట్టు అని రంగప్ప తొందరచేసినాడు. వాని మాటలోనే అన్న్యాడు. ఇడు, ఇడు అన్న్యాడు. కన్నడంలో ఇడు అంటే పెట్టు అని. తాడు కాడ ఉన్న్యోడు మనోడు, తెలుగోడు. వానికి ఇడు అంటే ఏమి? ఇడిసిపెట్టు అని. ఇడిసినాడు." ఆయన ముద్ద మింగి నీళ్ళు తాగాడు. క్లాంపుకూ బోరు గొట్టానికీ మధ్య ఆయన వేళ్ళున్నాయి.

"తప్పు ఎవురిది మామా?" అని అడిగాను. "మాటది," అన్నాడు వెంటనే, ఎన్నోసార్లు ఎవరికో చెప్పి చెప్పి అరిగిపోయిన జవాబులా. "వాడు సరిగానే చెప్పె, వీడు సరిగానే వినె. ఇద్దురూ మంచోళ్ళే. అందుకే మనుషుల్ని తీసేయలే, మాటను తీసేసినా." రంగప్పకు మాత్రం ఆ జవాబు సరిపోలేదు. ఆసుపత్రిలో మామ మంచం పక్కన కూర్చుని గంటల కొద్దీ ఏడ్చాడట. ఆ తరువాత పనికి వచ్చాడు, ఏళ్ళుగా వస్తూనే ఉన్నాడు, కాని గొలుసు కదిలితే నోరు విప్పడు. నిలుపు అన్న ఒక్క మాటైనా అనవయ్యా అని మామ బతిమాలాడు, తిట్టాడు, ఒకసారి కొట్టబోయాడు కూడా. "నా నోరు చెడ్డదప్పా," అనేవాడట అతను. మామ చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ అన్నాడు. "నా యేళ్ళు ఎట్లా రావు. వాని నోరన్నా తిరిగి రావల్ల పాపా. నేను పొయ్యేలోపల అదొకటి చూడల్ల." ఆ మాట విన్న తరువాత నాకు రేపటి పడవ కంటే రంగప్ప మీదే దిగులు పట్టుకుంది.

పడవను ఎత్తే రోజు తెల్లవారగానే గట్టు మీదికి చేరాం. మా ఎత్తు ప్రాంతంలో పొద్దెక్కితే గాలి లేస్తుంది, వేలాడే పడవను గాలి ఊపితే ఎవరమూ ఆపలేం. మామ ముందు రోజే మోటారు ఊడదీయించి, పెట్రోలు ఖాళీ చేయించాడు. అడుగున బిరడా తీసి నిలిచిన వాననీళ్ళు పారబోయించాడు. "కడుపులో నీళ్ళుంటే లేసేటప్పుడు అవన్నీ ఒక పక్కకే పోతాయి, బోటు కూడా వాటి ఎనకాలే పోతాది," అన్నాడు. ముందొక స్టాండు, వెనకొక స్టాండు. రెండు వెడల్పాటి బెల్టులు పడవ కింది నుంచి వేసి, అవి ఒకదానికొకటి దూరం జరగకుండా మధ్యలో తాడుతో కలిపి కట్టాడు. ట్రాలీ చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు. పడవ కింద రెండు పక్కలా పాత లారీ టైర్లు. అవెందుకని యజమాని అడిగితే, "అవసరం లేకుంటే మంచిదే," అన్నాడు. చివరగా అందరి దగ్గరికీ వెళ్ళి, "పడవ కింద ఎవుడన్నా చెయ్యి పెట్టినా కాలు పెట్టినా ఆ చెయ్యి నేనే ఇరుస్తా," అని మూడు వేళ్ళు చూపించి బెదిరించాడు. దిమ్మెలను పొడుగాటి కట్టెతో తోయాలే గాని చేత్తో పెట్టకూడదు.

నేను పడవ ముక్కు వైపు అందరికీ కనిపించే చోట నిలబడ్డాను. "ఎత్తు," అన్నాను. కటకటమంది. బెల్టులు బిగిశాయి, ఇన్నేళ్ళుగా నీడ కోసం తప్ప దేనికీ పనికిరాని పడవ చిన్నగా మూలిగి రోలర్ల మీద నుంచి లేచింది. "నిలుపు." అందరం బెల్టుల వంకే చూశాం. ఏమీ జారలేదు. మళ్ళీ ఎత్తు, మళ్ళీ నిలుపు. చక్రాల రాళ్ళు తీయించి "జరుపు" అన్నాను. పడవ గాలిలో ఉండగా కింది నుంచి ట్రాలీ మెల్లగా బయటికి వచ్చేసింది. అంత బరువు నా నోటి మాటకు లేచిందని నాకు భలే గర్వమేసింది, దాచుకోవడం ఎందుకు. ఇక దిమ్మెలు తోసి పడవను దించడమే మిగిలింది. వెనక వైపు దిమ్మెను మామే కట్టెతో తోస్తున్నాడు. అది ఓ రాయికి తట్టుకుని ఆగింది. ఆయన కట్టెను కిందికి వాల్చి, సరిగా కనబడక, తనే పెట్టిన నియమం మరిచి ఒక అడుగు లోపలికి వంగాడు.

అప్పుడు జరిగింది మాలాంటి వాళ్ళకే జరిగే పొరపాటు. ఆ గట్టు మాకు తెలిసినప్పటి నుంచీ రాయిలాంటిది. గడ్డపార వేస్తే నిప్పులు రాలేవి. స్టాండు కాళ్ళకు జానెడు గుంత చాలని మామ నుంచి మేకలు కాసేవాళ్ళ దాకా అందరం అనుకున్నాం, ఎవరికీ సందేహం రాలేదు. చెరువు నిండిందని సంబరపడ్డాం గానీ, నిండిన చెరువు గట్టును అడుగు నుంచి తడుపుతుందన్న సంగతి మాలో ఒక్కరికీ తోచలేదు. నీళ్ళు లేని నేల గురించి మాకు తెలియనిది లేదు, తడిసిన నేల గురించి ఏమీ తెలియదు. వెనక స్టాండు కాలు ఒకటి మెత్తబడిన మట్టిలోకి దిగడం మొదలుపెట్టింది. నేనున్న చోటికి అది కనబడదు. మామ వంగి ఉన్నాడు. అవతలి పక్క తాడు పట్టుకున్న రంగప్ప ఒక్కడే చూశాడు. నాకు కనిపించింది అతని మొహం మాత్రమే. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి. ఆ క్షణం అతను కన్నడంలో వెతుక్కున్నాడో తెలుగులో వెతుక్కున్నాడో నాకు తెలియదు.

"నిలుపూ!" అని అరిచాడు. తుప్పు పట్టిన గేటు తెరిచినట్టుంది ఆ గొంతు. అందరి చేతులూ ఆగాయి. మామ ఎవరన్నారని కూడా చూడకుండా ఒక్క గెంతులో వెనక్కి వచ్చి పడ్డాడు. కాలు ఇంకాస్త దిగి స్టాండు ఒరిగింది, పడవ వెనక భాగం ధబ్బుమని టైర్ల మీద కూర్చుని ఆగింది. ఆయన వంగిన చోటే కూర్చుంది. ఎవరికీ ఏమీ కాలేదు. మట్టి కొట్టుకుపోయిన లుంగీతో మామ లేచాడు. పడవను చూడలేదు, స్టాండును చూడలేదు, నేరుగా రంగప్ప దగ్గరికి వెళ్ళాడు. "ఏమన్న్యావ్?" అన్నాడు. రంగప్ప, "నిలుపు అన్న్యా," అన్నాడు. "వినపడలే. గట్టిగా చెప్పు." "నిలుపు అన్న్యా." "ఊహూఁ. వినపడలే." రంగప్పకు కోపం వచ్చింది. "నిలుపు అన్న్యా కదప్పా! చెవుడా నీకు?" గట్టు మీద అందరూ పకపకా నవ్వారు. మామ కూడా నవ్వుతూనే అతని భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. తాడు వదలకుండా పట్టుకునే ఉన్న రంగప్ప, రెండో చేత్తో ఆయన వీపు నిమురుతూ నిలబడ్డాడు. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ ఉదయం మా చెరువు నీళ్ళన్నిటికంటే నాకు అదే పెద్ద సంగతి అనిపించింది.

తరువాత కాళ్ళ కింద వెడల్పాటి బండలు పరిచి, స్టాండు సరిచేసి, పడవను మళ్ళీ లేపి దిమ్మెల మీదికి దించాం. దాని అడుగు గీకి, పగుళ్ళు పూడ్చి, ఫైబర్ గుడ్డ అతికి, రెసిన్ పూసేవాళ్ళకు సాయం చేస్తూ నేనూ ఆ పని నేర్చుకున్నాను. ఆ రోజు నుంచి మామ ఎంత ఎండిన నేల మీదైనా కాళ్ళ కింద బండ లేకుండా స్టాండు నిలపలేదు. జనం నవ్వితే, "నేల మనసు ఎవురికి తెలుసు," అనేవాడు. చుట్టుపక్కల చెరువులు నిండిన చోటల్లా పడవలు వచ్చాయి, వాటితో పాటు మాకు పిలుపులూ వచ్చాయి. గోరంట్ల పక్క ఒక యజమాని బిరబిరా కానివ్వమని తొందర పెడుతుంటే మామ గొలుసు కట్టేసి, నీడన కూర్చుని, చెవి మీది బీడీ తీసి ముట్టించాడు. "ఏమప్పా, బోటు ఏమన్నా బస్సు పట్టుకోవల్లనా?" అన్నాడు. ఆయన బీడీ అయిపోయేదాకా మేమంతా కూర్చున్నాం. యజమాని కూడా చివరికి మా పక్కనే కూర్చున్నాడు.

మా నాయనకు పక్షవాతం వచ్చి మంచాన పడినప్పుడు ఆయన్ని కుర్చీలోకి మార్చడం మాకు పెద్ద యాతనగా ఉండేది. అన్న ఒక రకంగా లాగితే అమ్మ ఇంకో రకంగా లాగేది, నాయన నొప్పితో కేకలు పెట్టేవాడు. చూడటానికి వచ్చిన మామ గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "ఈడ నోరు ఎవురు?" అని అడిగాడు. ఎవరూ లేరు. నన్ను ముందుకు తోశాడు. దుప్పటి నడుము కిందికి వేయించి, "చెప్పు పాపా," అన్నాడు. ఎత్తు, నిలుపు, జరుపు, దించు. నాయన దూదిలా కుర్చీలో కూర్చున్నాడు. "నన్నేమన్నా బోటు అనుకున్న్యారా?" అని వంకర పోయిన మూతితోనే నవ్వాడు. మా ఇంట్లో అంతకు ముందు చాలా రోజులుగా ఎవరూ నవ్వలేదు. నాయన ఉన్నన్నాళ్ళూ అదే పద్ధతి. ఆయన నా చేతుల్లో ఒక్కసారీ జారలేదు. ఇది నాకు మస్తాన్ మామ ఇచ్చిందే.

బీడీలు గొంతుతో ఆగలేదు, ఊపిరితిత్తుల దాకా పోయాయి. అనంతపురం ఆసుపత్రిలో చివరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు ఆయన మాట్లాడే స్థితిలో లేడు. రంగప్ప మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. నేను ఆ మూడు వేళ్ళ చేతిని నా చేతిలోకి తీసుకుని కూర్చున్నాను. ఏ చెరువులో ఎంత నీళ్ళున్నాయో, ఏ పడవకు రంగు వేశామో చెబుతూ పోయాను. బయటికి వెళ్ళమని నర్సమ్మ వచ్చి చెప్పింది. లేవబోయాను. అప్పుడు ఆయన పెదవులు కదిలాయి. "ఇడు," అన్నాడు. ఇన్నేళ్ళ పనిలో ఒక్కసారి కూడా ఎవరినీ అననివ్వని మాట. చెయ్యి వదిలేసి పొమ్మంటున్నాడా? ఏం చేయాలో తోచక రంగప్ప వంక చూశాను. అతని కళ్ళ నిండా నీళ్ళు. "అది మా మాటమ్మా," అన్నాడు మెల్లగా. "చెయ్యి ఆడనే పెట్టమంటాండాడు. తీయొద్దు." నర్సమ్మ ఏమనుకుందో, మాకు ఇంకాసేపు ఇచ్చి వెళ్ళిపోయింది. నేను చెయ్యి తీయలేదు.

ఆయన ఏ భాషలో అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. రంగప్పకు నిజంగా అలాగే వినబడిందా, నా కోసం అలా అన్నాడా, అది కూడా నేను అడగలేదు. ఒకప్పుడు ఆ మాటకు ఆయన రెండు వేళ్ళు పోయాయి, ఆ రోజు మాత్రం అదే మాట నా చేతిని ఆయన చేతిలో నిలిపింది. ఆయన పోయాక మట్టి చేయడానికి ఆడవాళ్ళం వెళ్ళలేదు. రంగప్ప వెళ్ళి వచ్చి, మట్టి చేతులతోనే మా గుమ్మం ముందు నిలబడి, "నిదానంగా దించినామమ్మా. నేనే చెప్పినా," అన్నాడు.

ఈ పొద్దున కొత్త మనిషికి ఇదంతా చెప్పే సమయం లేదు, గాలి లేచే లోపల పని కావాలి. పడవ లేచింది, ట్రాలీ బయటికి వచ్చింది, దిమ్మెలు కుదిరాయి, నా మాట మీద పడవ వాటి మీద కూర్చుంది. నేను వెళ్ళి చల్లటి అడుగు మీద అరచెయ్యి పెట్టాను, అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపే ఉంచాను. కొత్త మనిషి ఇంకా తాడు పట్టుకునే ఉన్నాడు. నోరు తెరిచి, మూసి, మాట కోసం వెతుక్కున్నాడు.

"అక్కా," అన్నాడు చివరికి, "తాడు... దించల్లనా?"

"దించు నాయనా," అన్నాను.